వ్రతానికి గరాజ్‌లోకి వెళ్లిన సీసాలు

మంగళవారం ఉదయం ఏడూ నలభైకి వసుమతి బేస్‌మెంట్‌లోని స్టోర్‌రూమ్ తలుపు తీసేసరికి ర్యాక్ ఖాళీగా ఉంది. శుక్రవారం సాయంత్రం తన చేత్తో పేర్చిన మూడు అట్టపెట్టెలు లేవు. చల్లబరిచే యంత్రం మాత్రం ఖాళీ గదిని శ్రద్ధగా చల్లబరుస్తోంది. గోడ మీది థర్మామీటర్ యాభై ఏడు ఫారన్‌హీట్ చూపిస్తోంది. గదిలో కర్పూరం వాసన.

ఆమె గబగబా పై అంతస్తుకి వెళ్లింది. భర్త లోకేష్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆఫీస్ కాల్‌లో ఉన్నాడు. వెళ్లి లాప్‌టాప్ ఎదురుగా నిలబడింది. అతను మ్యూట్ నొక్కాడు.

"నా బాక్సులేవి?"

"ఏ బాక్సులు?"

"స్టోర్‌రూమ్‌లోవి. మూడు."

లోకేష్ ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత అతని చెయ్యి దానంతటదే నుదుటి మీదికి వెళ్లింది. "అయ్యో. గరాజ్‌లో పెట్టాను వసూ. వ్రతం కదా, అమ్మ తీసెయ్యమంది. మళ్లీ లోపల పెట్టడం మర్చిపోయా."

"ఎప్పుడు పెట్టారు?"

"శనివారం. ఏడింటికి అనుకుంటా. నువ్వు పూల కోసం వెళ్లావు చూడు, అప్పుడు."

శనివారం సాయంత్రం ఏడు నుంచి మంగళవారం ఉదయం ఏడూ నలభై. అరవై గంటలు దాటింది. ఆది, సోమవారాల్లో వాళ్లుండే ఆష్‌బర్న్‌లో ఎండ తొంభై ఎనిమిది డిగ్రీలు. ఆ ఇంటి గరాజ్ తలుపు పడమటి వైపు ఉంటుంది.

ఆ పెట్టెల్లో ముప్పై నాలుగు సీసాలున్నాయి. ఫ్రాన్స్‌లో ల్వార్ నది దగ్గర బ్రిస్సొనో అనే కుటుంబం పదకొండు హెక్టార్లలో ద్రాక్ష పండించి, తమ సెల్లార్‌లోనే వైన్ చేసి, తమ పేరుతోనే సీసాల్లో నింపుతుంది. వైన్ చేసేది మథీల్డ్, ముప్పై ఎనిమిదేళ్ల కూతురు. తోట చూసేది డెబ్బై రెండేళ్ల తండ్రి మార్సెల్. అమెరికాలో వాళ్ల వైన్ తెప్పించి అమ్మే మనిషి వసుమతి ఒక్కతే. రెండేళ్లు వరసగా ఏప్రిల్ మంచు చిగుళ్లని మాడ్చేసింది. ఈ కాపు ఒక్కటే నిండుగా వచ్చింది. దాని సీసాలు అమెరికా మొత్తంలో ఇవే. ఆర్డర్ వస్తే తప్ప కంటైనర్ కదలదు కాబట్టి, విమానంలో వచ్చిన ఈ శాంపిళ్లే ఆధారం.

పక్క ఊళ్లో ఉన్న ఒక పెద్ద కంపెనీ మార్సెల్ భూమి అడుగుతోంది. ఆగస్టు ఒకటో తేదీలోగా అమెరికా నుంచి గట్టి ఆర్డర్ రాకపోతే సంతకం పెట్టేస్తానని ఆయన కూతురికి చెప్పేశాడు. సంతకం పడిందంటే బ్రిస్సొనో పేరుతో ఇక సీసా ఉండదు. వసుమతి చేతిలో అమ్మడానికి ఇంకొకరి వైన్ లేదు.

ఈ మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు వాషింగ్టన్‌లో గ్రెగరీ హోల్ట్ అనే ఆయన అరగంట టైమిచ్చాడు. ఏడు రెస్టారెంట్లకు వైన్ ఎంచేది ఆయనే. గ్లాసు లెక్కన అమ్మే జాబితాలో చోటిస్తే ఏడాది పొడుగునా సీసాలు ఖాళీ అవుతూనే ఉంటాయి. మథీల్డ్ స్వయంగా వస్తోంది. పదకొండూ యాభైకి డల్లెస్ ఎయిర్‌పోర్ట్‌లో దిగుతుంది.

వసుమతి గరాజ్ తలుపు తీసింది. పొద్దున్నే అయినా లోపలి గాలి ముఖానికి తగిలింది.

ఆ ఊళ్లో చాలా తెలుగిళ్లలో లాగే అక్కడ రెండో ఫ్రిజ్ ఉంది. దోసెపిండి, కరివేపాకు, వ్రతంలో మిగిలిన పులిహోర దాని కోసమే. లోకేష్ పెట్టెల్ని భద్రంగా, ఎవరి కాలికీ తగలకుండా, ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య సందులో దోపాడు. ఫ్రిజ్ మోటారు వదిలే వేడి గాలి నేరుగా వాటికే తగులుతోంది. రెండో పక్క అతని కారు.

అతను వెనకే వచ్చాడు. "రెండు రోజులే కదా వసూ. అంత సెన్సిటివా?"

"మీ సర్వర్ల హాల్లో రెండు డిగ్రీలు పెరిగితే ఏమవుతుంది?"

లోకేష్ డేటా సెంటర్‌లో పనిచేస్తాడు. యంత్రాలకు వేడి తగిలితే ముందుగా మోగేది అతని ఫోనే. అతను వంగి ఒక పెట్టె ఎత్తాడు.

వసుమతి సీసాల్ని ఒక్కొక్కటే వంటింటి బల్ల మీద పెట్టింది. మూతి మీది రేకు తొడుగుని బొటనవేలితో నొక్కి చూసింది. ఏడు సీసాల్లో కార్క్ పైకి ఉబ్బింది. రెండింటి మెడ జిగటగా ఉంది. మిగతా ఇరవై ఐదూ చూడ్డానికి నిక్షేపంలా ఉన్నాయి. వాటిలో ఒక తెల్ల వైన్ సీసా తెరిచింది.

ఆ ముక్కు ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. పరంధామయ్య ఒంగోలు దగ్గర టంగుటూరులో పొగాకు గ్రేడర్. అక్కడి రైతులు వేసేది వర్జీనియా పొగాకు. కూతురు కాపురానికొచ్చింది వర్జీనియా రాష్ట్రానికే అయినా ఆయన దాని గురించి ఒక్క జోకు కూడా వేయలేదు. పొగాకు బేలులో ముఖం పెట్టి, ఆకు కాల్చే బ్యారన్‌లో ఎన్నో రోజున మంట ఎక్కువైందో చెప్పేవాడు. ఒకసారి సొంత బావమరిది తెచ్చిన సరుకునే మాడిందని పక్కన పెట్టించాడు. రెండేళ్లు ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు. ఆ రెండేళ్లూ మేనమామ ఇంటి ముందు నుంచే వసుమతి బడికి వెళ్లింది.

వసుమతి 2004లో అమెరికా వచ్చింది. డిపెండెంట్ వీసా మీద పదకొండేళ్లు ఉద్యోగం చేసే వీల్లేక ఇంట్లో ఉంది. పని చేసుకునే అనుమతి వచ్చిన ఏడాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో కాంట్రాక్ట్ దొరికింది. శని, ఆదివారాల్లో పర్సెల్‌విల్ దగ్గర ఒక ద్రాక్షతోటలో వచ్చినవాళ్లకు వైన్ పోసే పని కూడా చేసింది. తాగడం ఆమెకు పెద్దగా ఇష్టం లేదు, ఇప్పటికీ లేదు. వాసన చూస్తుంది, నోట్లో తిప్పుతుంది, ఉమ్మేస్తుంది. టెస్టింగ్‌కీ దీనికీ ఆమెకు పెద్ద తేడా కనిపించలేదు. రెండిట్లోనూ జీతం తప్పు పట్టుకున్నందుకే.

బ్రిస్సొనోలు కూడా అలాగే దొరికారు. 2019లో కుటుంబంతో పారిస్ వెళ్లినప్పుడు, భర్తా కొడుకూ టవర్ ఎక్కే క్యూలో ఉంటే, ఆమె రైలెక్కి ఒక రోజు ఆ ఊరు వెళ్లింది. మార్సెల్ మూడు పీపాల్లోంచి వైన్ తీసి మూడు గ్లాసుల్లో పోశాడు. వసుమతి మూడోది పక్కకు జరిపి, "తడిసిన అట్ట వాసన" అంది. ఆయనకు కోపం వచ్చింది. భోజనానికి ఉండమని కూడా అనలేదు. మూడు వారాలకు మథీల్డ్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది: ఆ పీపా నిజంగానే పాడైంది, అమెరికాలో మా వైన్ నువ్వు అమ్ముతావా అని. మరుసటి ఏడాది లేఆఫ్‌లో ఉద్యోగం పోయాక ఆమె లైసెన్స్ తీసుకుంది.

బల్ల దగ్గర ఆమె గ్లాసు తిప్పి వాసన చూసింది. ఒక గుక్క నోట్లో పోసుకుని, ఈ పనికే కేటాయించిన స్టీలు మగ్గులో ఉమ్మింది. పక్కన బీరకాయ చెక్కు తీస్తున్న అత్తగారు ఉమామహేశ్వరి చూస్తూనే ఉంది.

"పాడైందా?"

"అయింది అత్తయ్యా."

"పులిసిందా?"

"పులిసినా బాగుండేది. ఎవరికైనా తెలిసేది."

అదే అసలు సమస్య. షెనాన్ అనే ద్రాక్షతో చేసే ఆ తెల్ల వైన్ పేరు లె ముర్, అంటే గోడ. నాలుగు వైపులా రాతిగోడ ఉన్న తోటలోంచి వస్తుంది. దానికి పచ్చి బేరిపండు పులుపు, వాన పడ్డ సున్నపు గోడ వాసన ఉండాలి. ఇప్పుడు గ్లాసులో ఉన్నది ఉడికించిన పండు. చేదు లేదు, కంపు లేదు, ప్రాణం లేదు. ఇంకో మూడు తెరిచింది. కాస్త ఎక్కువా తక్కువా, అన్నీ అంతే. ఎర్రది మరీ అన్యాయం, జామ్ సీసాలో నీళ్లు కలిపినట్టుంది.

లోకేష్ ఒక గుక్క తాగాడు. "నాకు బాగానే ఉంది."

"మీకు బాగానే ఉంటుంది."

"అది కాదు. ఆ హోల్ట్‌కి మాత్రం గరాజ్ సంగతి ఎలా తెలుస్తుంది? నువ్వు చెప్పకపోతే చాలు. మీటింగ్ క్యాన్సిల్ చేస్తే మళ్లీ ఎప్పుడిస్తాడో. మథీల్డ్ ప్లేన్‌లో ఉంది, ఇంకో బాటిల్ తెచ్చే చాన్సే లేదు."

వసుమతి సీసాలకు మళ్లీ కార్కులు బిగిస్తోంది. ఉమామహేశ్వరి చేతిలో బీరకాయ పక్కన పెట్టింది.

"స్వామి పీట వెనకాల సీసాలేంట్రా, తీసి అవతల పెట్టు అని నేనే చెప్పా. వాడి ఉద్యోగం నిలబడినందుకు చేసుకునే వ్రతం. బేస్‌మెంట్‌లో కలశం, తలుపవతల సారా. నా మనసొప్పలా. తప్పు నాదే అనుకో."

"నేనేం అన్లేదు అత్తయ్యా."

"అనక్కర్లేదులే. కానీ ఒక మాట చెప్పు. ఇంటికెవరొచ్చి ఆ గదేంటని అడిగినా 'ఆఫీస్ సామాను' అంటావు. పక్కింటి పద్మ అడిగినా అదే మాట, పంతులుగారు అడిగినా అదే మాట. నువ్వే దాన్ని దాచుకునే సామాను లాగా చూస్తే మేమింకెలా చూస్తామే?"

వసుమతి చేతులు ఆగాయి. అత్తగారు ఆగలేదు.

"ఆ వంటింటి ఫ్రిజ్‌లో సగం సగం తాగినవి రెండుండేవే, అవి కూడా తీయించా. అవి మాత్రం బయట పెట్టలేదమ్మా. గరాజ్ ఫ్రిజ్‌లో దోసెపిండి పక్కనే పెట్టాడు."

వసుమతి గరాజ్‌లోకి దాదాపు పరుగెత్తింది.

శాంపిళ్లు ఏవొచ్చినా మొదటి రోజే ఒక్కోటి తెరిచి చూడటం ఆమె అలవాటు. శుక్రవారం సాయంత్రం అలా ఒక తెల్లది, ఒక ఎర్రది తెరిచింది. సీసాల మీద మాస్కింగ్ టేపు అతికించి తేదీ, టైము రాసింది. అవి ఫ్రిజ్ పైఅరలో, పిండి డబ్బాకి ఆనుకుని నిలబడి ఉన్నాయి. బయట పెట్టెల్ని ఉడికించిన ఫ్రిజ్, లోపల వీటిని చల్లగా కాపాడింది. తెల్లదానిలో మూడో వంతు మిగిలింది. ఎర్రదానిలో అంతకన్నా తక్కువ.

తెరిచి నాలుగు రోజులైన వైన్‌ని ఎవరూ కొనేవాడి ముందు పెట్టరు. ఆమె అర చెంచా తెల్లది గ్లాసులో వేసుకుంది. గోడ వాసన ఉంది. పులుపు ఉంది. ఎర్రది మాత్రం చెయ్యి దాటిపోయింది.

ఆమె ఆ తెల్ల సీసాని ఐస్ బ్యాగ్‌లో పెట్టింది. పక్కన ఎర్రది. ఇంకో బ్యాగ్‌లో గరాజ్ సీసాలు, తెల్లది ఒకటి, ఎర్రది ఒకటి.

ఎయిర్‌పోర్ట్‌లోంచి మథీల్డ్ చిన్న సూట్‌కేసుతో బయటికొచ్చింది. ఎండకి కమిలిన ముఖం, పొట్టి జుట్టు. ఇద్దరూ మాట్లాడుకునేది ఇంగ్లీషే. హలో కంటే ముందు ఆమె అడిగింది, "వైన్ ఎలా ఉంది?"

వసుమతి పార్కింగ్‌లో కారు డిక్కీ తెరిచి, జరిగింది జరిగినట్టు చెప్పింది. శనివారం, వ్రతం, గరాజ్, ఫ్రిజ్ వెనక వేడి, చెయ్యి దాటిన ఎర్రది. ఎవరినీ వెనకేసుకు రాలేదు, ఎవరి మీదా తోయలేదు.

మథీల్డ్ డిక్కీలోని బ్యాగుల వైపు చూసింది. తర్వాత, "దేవుడి కోసం నా వైన్‌ని గరాజ్‌లో పెట్టారా?"

"అవును."

"మా నాన్న కూడా గుడ్ ఫ్రైడే నాడు సెల్లార్ తలుపు తియ్యడు. కానీ పీపాలు తీసుకెళ్లి ఎండలో పెట్టడు."

ఆమె గరాజ్ సీసా తెరిపించుకుంది. నోట్లో తిప్పి, రెండు కార్ల మధ్య సిమెంటు మీద ఉమ్మింది. ఇంకోసారి తాగింది. ఈసారి మింగింది. టేపు అంటించిన సీసాలోంచి ఒక చుక్క నాలుక మీద వేసుకుంది. సీసాని వెలుతురుకి ఎత్తి, అడుగున ఎంత మిగిలిందో చూసింది.

"ఇది పోద్దాం," అంది గరాజ్ సీసా చూపిస్తూ.

"వద్దు."

"ఆయన రోజుకి నలభై రుచి చూస్తాడు. ఇది అంత చెడ్డగా లేదు. ఎంగిలి సీసా లాగా అడుగున మిగిలింది తీసుకెళ్లి బల్ల మీద పెడితే మనల్ని చూసి నవ్వుతాడు."

"నవ్వనీ. ఇది పోస్తే నవ్వడు. పర్లేదు అంటాడు. పర్లేదన్న వైన్‌ని ఎవరూ కొనరు మథీల్డ్. మీ ఇంటిపేరు పక్కన ఆ మాటే రాసుకుంటాడు. వచ్చే ఏడాది నువ్వు ఎంత మంచిది పంపినా తలుపు తియ్యడు."

"వచ్చే ఏడాది!" మథీల్డ్ డిక్కీ గట్టిగా మూసింది. "ఎవరికి వచ్చే ఏడాది? నీకు ఇల్లుంది, మొగుడికి ఉద్యోగముంది. పోయేది మా భూమి."

కారు టోల్ రోడ్ ఎక్కింది. రెండు పక్కలా కిటికీల్లేని డేటా సెంటర్లు ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి పోతున్నాయి. వెనక డిక్కీలో సీసాలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తున్నాయి.

"రెండూ పెడతాను," అంది వసుమతి రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఏది ఏదో చెప్పి పెడతాను."

"అవి నా సీసాలు. చెప్పొద్దంటే?"

"అయితే అడ్రస్ దగ్గర దింపుతాను, నువ్వే వెళ్లి గ్లాసుల్లో పొయ్. నేను పొయ్యను."

ఆరేళ్లలో మథీల్డ్‌తో ఆమె ఎప్పుడూ గొంతు పెంచలేదు. ఇంకో మాట తూలితే ఆర్డర్ కంటే ముందు ఈ మనిషే పోతుంది. టోల్ గేటు దాటారు. ఫాల్స్ చర్చ్ దాటారు. ట్రాఫిక్ ఆగింది, కదిలింది. రెండూ ఇరవై.

పొటోమాక్ నది వంతెన మీదికి వచ్చాక మథీల్డ్ నోరు విప్పింది. "ఎర్రది తీసెయ్. ఎర్రది రెండూ బాలేవన్నావుగా. గోడ తోటది ఒక్కటే పెట్టు."

గ్రెగరీ హోల్ట్ యాభై ఏళ్ల మనిషి, సన్నగా, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఉన్నాడు. సాయంత్రం దాకా తెరవని రెస్టారెంట్‌లో కుర్చీలు ఇంకా బల్లల మీదే బోర్లించి ఉన్నాయి. ఆయన ముందు అప్పటికే ఎవరివో పద్దెనిమిది సీసాలు వరసగా ఉన్నాయి. వసుమతి పెట్టిన సీసా చూసి టేపు మీది రాత చదివాడు.

"శుక్రవారం. ఐదున్నర." కళ్లజోడు దింపాడు. "ఏంటిది, మీ ఇంట్లో విందులో మిగిలిందా?"

"విందు కాదు, పూజ," అంది వసుమతి. "మా ఇంట్లో పూజ ఉండి సీసాలు గరాజ్‌లోకి మార్చారు. అరవై గంటలు వేడిలో ఉన్నాయి. ముప్పై నాలుగు చెడిపోయాయి. చెడకుండా ఉన్నది ఇదొక్కటే. ఇది తెరిచి నాలుగు రోజులైంది."

మథీల్డ్ బల్ల కింద రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకుంది.

హోల్ట్ ఒకసారి ఫోన్ చూసుకున్నాడు. లేచి పొమ్మంటాడనే వసుమతి అనుకుంది. ఆయన అడిగింది వేరు. "చెడింది తెచ్చారా?"

"తెచ్చాను."

"అది ముందు పొయ్యండి."

పోసింది. ఆయన రుచి చూసి, పాత్రలో ఉమ్మి, ముందున్న సీసాల వైపు చెయ్యి ఊపాడు. "ఇవాళ పొద్దుట్నించి తాగిన వాటిలో సగం ఇలాగే ఉన్నాయి. వాళ్లెవరూ గరాజ్ సంగతి చెప్పలేదు."

తర్వాత టేపు సీసా. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉంచాడు. రుచి చూశాడు. ఉమ్మలేదు. మళ్లీ పోయమని గ్లాసు చాపాడు. ఒక మనిషిని వెతుక్కుంటున్నట్టు రెండో గ్లాసులోంచి మొదటిదానిలోకి, మళ్లీ రెండోదానిలోకి వెళ్లాడు.

"నాలుగు రోజులు ఫ్రిజ్‌లోనేనా? పాడవకుండా గ్యాస్ ఏమైనా నింపారా?"

"ఏమీ లేదు. కార్క్ తిరగేసి పెట్టాను. పక్కన దోసెపిండి ఉంది."

"పక్కన ఏముంది?"

"పిండి. పులవడానికి పెట్టింది."

ఆయన మొదటిసారి నవ్వాడు. వెంటనే ఆపేశాడు. "గ్లాసు లెక్కన అమ్మే సీసా నా దగ్గర మూడో రోజుకి చచ్చిపోతుంది. మంగళవారం తెరిస్తే గురువారం సింకులో పోస్తాం. ఇది నాలుగో రోజు కూడా నిలబడింది." మథీల్డ్ వైపు తిరిగాడు. "ఎలా?"

మథీల్డ్ పీపాల్లో ఎన్ని నెలలుంచేదీ, గోడ తోట నేల ఎలాంటిదో చెప్పింది. ఆ పావుగంటలో ఆమె ఒక్కసారి కూడా వసుమతి వైపు చూడలేదు.

మూడూ ముప్పై ఐదుకి హోల్ట్ లేచాడు. "తెల్లది నాలుగు రెస్టారెంట్లకు తీసుకుంటాను, అక్టోబర్ నుంచి. మొత్తం ఏడింటికీ కాదు. ఎర్రది నేను చూడలేదు కాబట్టి లేదు. నవంబర్‌లో కొత్త శాంపిళ్లు పంపండి, చూస్తాను. ఇంకోటి." వసుమతి వైపు చూశాడు. "కంటైనర్ నేరుగా మా గిడ్డంగికి రావాలి. లోపల వేడి ఎంతుందో రాసుకునే పరికరం పెట్టండి. మీ ఇంటికి మాత్రం ఒక్క సీసా కూడా వెళ్లకూడదు. తప్పుగా అనుకోకండి."

"అనుకోను," అంది వసుమతి. చెవులు మాత్రం వేడెక్కాయి.

బయట ఫుట్‌పాత్ మీద నిలబడి మథీల్డ్ తండ్రికి ఫోన్ చేసింది. అక్కడ పొద్దు వాలిపోతూ ఉంటుంది. వసుమతికి ఫ్రెంచ్ అంతంత మాత్రం. నాలుగు అనే అంకె తెలిసింది. ఆ తర్వాత అటువైపు నిశ్శబ్దం తెలిసింది. మళ్లీ నాలుగు అనే అంకె.

మథీల్డ్ ఫోన్ జేబులో పెట్టుకుంది.

"గోడ తోట ఇవ్వడట. ఇల్లు, సెల్లార్ ఇవ్వడు. నది వైపు ఎర్ర ద్రాక్ష నాలుగు హెక్టార్లు మాత్రం కంపెనీకి ఇచ్చేస్తాడు. ఎర్రది చూడలేదని చెప్పాను కదా, అయితే అది పోయినట్టే అన్నాడు."

"నేను..."

"అది నేను పుట్టిన ఏడాది వేసిన తోట," అంది మథీల్డ్. కారు తలుపు తీసుకుని కూర్చుంది. సీటు బెల్టు పెట్టుకున్నాక, "వేడిది పోసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. తెలుసు కాబట్టి ఇవాళ నన్ను మాట్లాడించకు," అంది. హోటల్ దగ్గర దిగేటప్పుడు, ఐస్ బ్యాగ్‌లోంచి టేపు సీసా తీసుకుని తన సూట్‌కేసులో పెట్టుకుంది. అందులో రెండు గుక్కలు కూడా లేవు.

వసుమతి ఇల్లు చేరేసరికి ఆరూ నలభై. ఎండ ఇంకా గరాజ్ తలుపు మీదే ఉంది. గరాజ్‌లో పెట్టెలు లేవు. బేస్‌మెంట్‌లోకి దిగి చూసింది. లోకేష్ మూడింటినీ తెచ్చి ర్యాక్‌లో సరిగ్గా పాత చోటనే పేర్చాడు. మెట్ల మీద నిలబడి ఆమె ముఖం చూస్తున్నాడు.

"ఉడికిన అన్నాన్ని ఫ్రిజ్‌లో పెడితే బియ్యమవుతుందా?" అంది.

"తీసేస్తాలే. ఏమన్నాడు?"

"నాలుగు. తెల్లది. ఎర్రది పోయింది. మనింటికి సీసాలు రాకూడదన్నాడు."

అతను ఆఖరి మెట్టు మీద కూర్చున్నాడు. "నా వల్లే."

ఆమె కాదనలేదు. పెట్టెల్ని ఒక్కొక్కటే దింపి తలుపు బయట పెట్టింది. ర్యాక్ తుడిచింది. పైనుంచి ఉమామహేశ్వరి ఒక్కో మెట్టు పట్టుకుని దిగి వచ్చి గది గుమ్మం దగ్గర ఆగింది. ఆ గదిలోకి ఆమె ఎప్పుడూ అడుగు పెట్టలేదు.

"ఒప్పుకున్నాడా వాడు?"

"సగం ఒప్పుకున్నాడు అత్తయ్యా. మిగతా సగానికి నవంబర్‌లో కొత్త సీసాలు రావాలి. వాడికి చూపించేవి ముందు ఇక్కడికే వస్తాయి. నేను తెరిచి చూడకుండా పంపను."

"వాడొద్దన్నాడంటగా? ఇంటికి రాకూడదని. ఇందాక నువ్వు వీడికి చెప్తుంటే పైనుంచి విన్నాలే."

"కంటైనర్ రాకూడదన్నాడు. శాంపిళ్లు నావి."

ముసలామె గుమ్మం పట్టుకుని వేళ్ల మీద లెక్క వేసింది. "నవంబర్ అంటే కార్తీకం. కేదారేశ్వర వ్రతం ఉంది. అప్పుడెలాగే మరి?"

లోకేష్ తల ఎత్తాడు. వసుమతి చేతిలోని గుడ్డ ర్యాక్ మీద పెట్టింది.

"వ్రతం పైన హాల్లో చేద్దాం అత్తయ్యా. కింద కుదరదు. ఇది నా పని గది. పద్మ అడిగితే వైన్ గది అని చెప్పండి. పంతులుగారు అడిగితే నేనే చెప్తాను."

ఉమామహేశ్వరి గదిలోకి తల పెట్టి ఖాళీ ర్యాక్ చూసింది, గోడ మీది థర్మామీటర్ చూసింది.

"స్వామికేం, మెట్లెక్కగలడు," అంది. "మోకాళ్ల నొప్పులు నాకు గానీ ఆయనకి కాదుగా. అరేయ్, ఆ పెద్ద పీట ఇప్పుడే పైకి పట్టుకెళ్లి పెట్టు. మళ్లీ మర్చిపోతావు."

లోకేష్ లేచి పీట కోసం వెళ్లాడు. వసుమతి తలుపు లోపలి వైపు వేలాడదీసిన కాగితంలో ఆ రోజు తేదీ వేసింది. సీసాలు అని ఉన్నచోట సున్నా రాసింది. డిగ్రీలు అని ఉన్నచోట యాభై ఏడు అని రాసింది.